పిలువబడని కొండ

పఠన భాగములు: సంఖ్యాకాండము 14:39-45, 1 సమూయేలు 14:1-15, మత్తయి 4:5-7

సూరత్ పట్టణము తపతీ నది ఒడ్డున, సముద్రమునకు సమీపముగా, చదునైన నేలమీద వెలసియున్నది. అచ్చటి తెలుగువారిలో అనేకులు మరమగ్గముల పనికై తెలంగాణ జిల్లాలనుండి వలస వచ్చిన నేత కుటుంబములవారు. పట్టణ పురపాలక సంస్థ తెలుగు మాధ్యమములో పాఠశాలలను నడుపునంతగా వారు అచ్చట స్థిరపడిరి. రాత్రింబవళ్లు మగ్గముల చప్పుడులో బ్రదుకువారికి కొండగాలిమీద మనస్సు పోవుట సహజమే. సెలవు దొరికినప్పుడు, ముఖ్యముగా వానలు కురిసి కొండలు పచ్చబడిన కాలమున, పడుచువారు గుంపుగా కూడి డాంగ్ జిల్లాలోని సాపుతారకు పోవుదురు. అది సముద్రమట్టమునకు సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న చల్లని తావు. ఇంకను ఉత్సాహము గలవారు సరిహద్దు దాటి మహారాష్ట్రలోని సాల్హేర్ కోటకు పోవుదురు. దాని శిఖరము 1,567 మీటర్ల ఎత్తు గలది.

ఆ కొండలకును సూరత్ పట్టణమునకును పాత సంబంధము కలదు. 1664లోను 1670లోను శివాజీ సైన్యము సూరత్‌ను కొల్లగొట్టెను. సూరత్ నుండి బుర్హాన్‌పూర్‌కు పోవు వర్తక మార్గము సాల్హేర్, ముల్హేర్ కోటలున్న బాగ్లాణ్ సీమమీదుగా సాగెడిది. 1672లో సాల్హేర్ క్రింద మరాఠా మొగలు సైన్యములు ఘోరముగా పోరాడెను. ఒకప్పుడు సూరత్ వర్తకులు ఆ కొండల వైపు చూచి వణకిరి. నేడు వారి పట్టణపు యువకులు వాటిని వేడుకకై ఎక్కుచున్నారు. 2025లో ఆ కోట యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన పిమ్మట దాని పేరు మరింత దూరము వ్యాపించినది.

ప్రియ పాఠకులారా, కొండ ఎక్కుట పాపము కాదు. మన ప్రభువు కొండమీద బోధించెను, కొండమీద ఒంటరిగా ప్రార్థించెను, కొండమీద రూపాంతరము పొందెను. దేవుని చేతిపనిని చూచి సంతోషించుట భక్తికి తగినదే. అయితే నడకగా ఆరంభమైన కొండయాత్ర ప్రాణాపాయకరమైన ప్రాకుటగా ఎట్లు మారునో మనము ఆలోచింపవలెను. ఏలయనగా ఆ మార్పు కొండమీద మాత్రమే గాక మన యిండ్లలోను, వ్యాపారములలోను, సంఘములలోను ప్రతిదినము జరుగుచున్నది.

నడక ప్రాకుటగా మారు విధము

సహ్యాద్రి శ్రేణిలోని ఈ కొండలు పూర్వకాలమున అగ్నిపర్వతముల ద్రవశిల పొరపొరగా ప్రవహించి గట్టిపడుటవలన ఏర్పడినవి. గట్టి పొర గోడవలె నిటారుగా నిలుచును. మెత్తని పొర అరిగి ఏటవాలుగా మారి గడ్డితో నిండును. కాబట్టి క్రింద నుండి చూచువానికి పచ్చని వాలు మాత్రమే కనబడును. అతడు సునాయాసముగా దానిని ఎక్కును. దాని చివర హఠాత్తుగా రాతిగోడ ఎదురగును. ఎక్కడనో ఒక చీలిక కనబడును. చేయి పట్టుటకు అంచు దొరకును. ఒక నిలువు ఎక్కును. పైన మరల పచ్చని వాలు, దాని పైన మరల గోడ.

ఇప్పుడు ఒక గుంపును ఊహించుకొందము. దారి తప్పినదని అందరికిని లోలోపల తెలియును. చిన్నవాడు, “అన్నా, ఇగ దిగుదామా?” అనును. పెద్దవాడు, “ఇంత దూరమొచ్చి మర్లిపోతమా తమ్మీ?” అనును. వాదము అంతటితో ముగియును. గమనించుడి: అపాయములోనికి పోదమని ఆ గుంపులో ఎవడును నిర్ణయించలేదు. ప్రతి అడుగు దాని ముందటి అడుగుకంటె కొంచెమే కష్టమైనది. ఆ కొంచెము కొంచెమే కూడి, చేతులు విడిచిన ప్రాణము పోవు తావునకు వారిని చేర్చినది.

అప్పుడు వెనుకకు చూతురు. ఎక్కినప్పుడు కన్నులయెదుట నుండిన పట్టు, దిగునప్పుడు పాదముల క్రింద మరుగుపడును. మోకాళ్లు అలసియుండును. వానకు నాచు పట్టిన రాయి జారును. ఎక్కుటకంటె దిగుట కష్టమని కొండ ఎరిగినవారందరును చెప్పుదురు. పైకి పోలేరు, క్రిందికి రాలేరు, ప్రొద్దు గూకుచుండును.

అప్పు విషయములోను ఇంతే కాదా? రెండు మగ్గములు గలవాడు నాలుగింటికి అప్పు చేయును. ఆ వడ్డీ తీర్చుటకు మరియొక చోట చేయి చాచును. ఇంటి కాగితములు తాకట్టు పెట్టును. భార్య మెల్లగా, “ఇక చాలునండి” అనును. “ఇంతవరకు వచ్చితిమి గదా” అనును అతడు. ఆ మాట ఎంతమంది యిండ్లను కూల్చలేదు!

హోర్మా: దేవుడు రాని కొండ

సంఖ్యాకాండము 14వ అధ్యాయములో ఇశ్రాయేలీయులు ఒక కొండ ఎక్కిరి. ముందుదినము దేవుడు వెళ్లుమన్నప్పుడు వారు శత్రువులకు భయపడి ఏడ్చిరి. తీర్పు విన్న పిమ్మట, అరణ్యమునకు మరలుడని దేవుడు చెప్పినప్పుడు, వారు ఉదయముననే లేచి, మేము సిద్ధము, ఎక్కిపోదుమనిరి. మోషే వలదనెను. వారు వినలేదు. మందసము గాని మోషే గాని పాళెము విడువలేదు. అయినను వారు ఎక్కిరి. హోర్మా వరకు తరుమబడి హతులైరి.

ఇచ్చట ఒక హెబ్రీ పదమును గూర్చి చెప్పవలెను. వారు “మూర్ఖించి” ఎక్కిరని మన తెలుగు బైబిలు చెప్పుచున్నది. మూలములోని ఆ క్రియకు ఉబ్బుట, పొంగుట అను అర్థముగల ధాతువుతో సంబంధము కలదని పండితులలో అనేకులు తలంతురు. యెరూషలేములోని ఓపెలు అను మిట్టకు ఆ పేరు వచ్చినదియు ఆ ధాతువునుండియే. వారి కాళ్లు కొండ ఎక్కకముందే వారి హృదయము కొండవలె ఉబ్బెను. మరియు హబక్కూకు 2:4లో నీతిమంతుడు విశ్వాసమూలముగా బ్రదుకునని చెప్పబడిన ప్రసిద్ధ వచనమునందు, ఆ నీతిమంతునికి ఎదురుగా నిలువబెట్టబడిన మనుష్యుని ప్రాణమును వర్ణించు పదమును ఇదే ధాతువునకు చెందినది. ఉబ్బిన ప్రాణము ఒక ప్రక్క, విశ్వాసము మరియొక ప్రక్క. మనము తరచుగా ఈ రెంటిని ఒకటిగా పొరబడుదుము. తెగువ గలవానిని చూచి, ఎంత విశ్వాసి అందుము. ప్రవక్త మాత్రము వాటిని ఒకదానికొకటి విరోధముగా నిలిపెను.

ముందుదినపు భయమును మరుదినపు తెగువయు ఒకే చెట్టు ఫలములు. రెండు దినములలోను వారు దేవుని మాట వినలేదు. వినుట లేనిచోట ధైర్యమైనను పిరికితనమైనను అవిశ్వాసమే.

దేవాలయ శిఖరము: విడువబడిన మాట

అపవాది మన ప్రభువును దేవాలయ శిఖరముమీద నిలువబెట్టి, 91వ కీర్తనను చూపి, క్రిందికి దుముకుమనెను. దూతలు ఎత్తి పట్టుకొందురనెను. అతడు లేఖనమును ఎత్తి చెప్పెను గాని ఒక భాగమును విడిచిపెట్టెను. పూర్వ వ్యాఖ్యాతలు దీనిని గమనించియున్నారు. భక్తుని మార్గములన్నిటిలో దూతలు అతని కాపాడుదురని ఆ కీర్తన చెప్పుచున్నది. “మార్గములు” అను ఆ మాటయే విడువబడినది. దేవుడు నియమించిన మార్గములో నడచువానికి ఆ వాగ్దానము కలదు. శిఖరమునుండి దుముకుట మార్గము కాదు.

కొండ అంచున నిలిచి, “ప్రార్థన చేసికొని బయలుదేరితిమి, ఏమియు కాదు” అనువారు ఈ సంగతి జ్ఞాపకము చేసికొనవలెను. ప్రార్థన జారుడు రాతిని ఆరబెట్టుటకు మనము దేవునితో చేసికొన్న ఒప్పందము కాదు. యేసు ఆ దినమున దుముకలేదు. తండ్రిని శోధింపనని ద్వితీయోపదేశకాండములోని మాటతో ప్రత్యుత్తరమిచ్చెను. దుముకకుండుటయే ఆ దినమున ఆయన విశ్వాసము. తరువాత దూతలు వచ్చి ఆయనకు పరిచర్య చేసిరి. దుముకుట చేత పిలువబడని దూతలు, విధేయత యొద్దకు తామే వచ్చిరి.

మిక్మషు: “ఏమో” అనిన విశ్వాసము

అట్లయిన విశ్వాసి ఎన్నడును నిటారు రాయి ఎక్కరాదా? యోనాతాను ఎక్కెను. మిక్మషు కనుమలో బొస్సేసు, సెనే అను రెండు రాతి కొమ్ములు ఎదురెదురుగా నుండెను. పైన ఫిలిష్తీయుల దండు. యోనాతాను చేతులతోను కాళ్లతోను ప్రాకి ఎక్కెననియు, ఆయుధములు మోయువాడు వెనుక ఎక్కెననియు గ్రంథకర్త వివరముగా వ్రాసెను. పరిశుద్ధ గ్రంథములో ఇంత స్పష్టముగా వర్ణింపబడిన కొండ ప్రాకుట అరుదు. హోర్మాలో ఎక్కినవారు నశించిరి. ఇచ్చట ఎక్కినవాడు జయించెను. భేదమేమి?

మొదటిది, అతని మాట. యెహోవా మన పక్షమున కార్యము చేయునేమో అని అతడు తన తోటివానితో అనెను. హెబ్రీలో అది ఊలై అను చిన్న పదము. తెలుగులో “ఏమో” అను ప్రత్యయములో ఆ భావమంతయు ఒదుగును. రక్షించుటకు దేవునికి శక్తి కలదని అతనికి సందేహము లేదు. కొద్దిమందిచేతనైనను ఆయన రక్షింపగలడని అతడే చెప్పెను. అయితే ఈ దినమున, ఈ రాతిమీద, నా ద్వారా ఆయన చేయునో లేదో అది ఆయన చిత్తము. దేవుని శక్తిని గూర్చి నిశ్చయము, దేవుని ప్రణాళికను గూర్చి దీనత. హోర్మా ఎక్కినవారి నోట ఈ “ఏమో” లేదు.

రెండవది, అతడు ఎక్కకముందే ఆగవలసిన గురుతును నిర్ణయించుకొనెను. శత్రువులు నిలువుడనిన యెడల ఎక్కము, నిలిచినచోటనే ఉందుము. రమ్మనిన యెడల ఎక్కుదుము అని వారిరువురును ముందుగా ఒప్పుకొనిరి. ఎక్కకపోవుటకు అతడు సిద్ధముగా నుండెను. కొండ ఎరిగిన నేటి వారును ఇట్లే చేయుదురు: ఇన్ని గంటలకు ఎక్కడ ఉన్నను మరలుదుమని క్రిందనే, మనస్సు చల్లగా ఉన్నప్పుడే నిర్ణయింతురు. శిఖరము కంటికి కనబడిన పిమ్మట ఆ నిర్ణయము చేయుట ఎవనికిని సులభము కాదు.

మూడవది, సిద్ధపాటు. యోనాతాను యుద్ధమునకు క్రొత్తవాడు కాడు. అంతకు ముందే గెబలో ఫిలిష్తీయుల దండును కొట్టినవాడు. మన కాలములో ఒక సాక్ష్యము చూడుడి. 2014 మే 25న ఎవరెస్టు శిఖరమెక్కిన మాలావత్ పూర్ణకు అప్పటికి పదునాలుగేండ్లు నిండలేదు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన ఆ బాలికయు, ఆమెతో ఎక్కిన సాధనపల్లి ఆనంద్ కుమారును సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. లోకము ఆమె ధైర్యమును పొగడెను; కాని ఆ ధైర్యము భువనగిరి ఏకశిలమీద త్రాడు పట్టుట నేర్చుకొనుటతో ఆరంభమై, డార్జిలింగ్‌లోను లడాఖ్‌లోను శిక్షణ పొందినది. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పలేదా? లెక్క చూచుట అవిశ్వాసము కాదు.

ఒకే త్రాటికి కట్టబడినవారు

1865 జూలై 14న ఐరోపాలోని మాటర్‌హార్న్ శిఖరమును ఏడుగురు మొట్టమొదటిసారి ఎక్కిరి. వారిలో ఒకడు ఇంగ్లాండు సంఘపు గురువు చార్లెస్ హడ్సన్, ఆరితేరిన పర్వతారోహకుడు. ఆయన తనతో పందొమ్మిదేండ్ల డగ్లస్ హడో అను యువకుని తెచ్చెను. ఇతడు తగినవాడేనా అని ఎడ్వర్డ్ వింపర్ అడుగగా, మోంట్ బ్లాంక్ శిఖరమును అనేకులకంటె త్వరగా ఎక్కినవాడని హడ్సన్ హామీ ఇచ్చెను. ఎక్కుట జరిగినది. దిగునప్పుడు హడో కాలు జారెను. అతడు తన ముందున్న మార్గదర్శి మిషెల్ క్రోను పడద్రోసెను. త్రాడు హడ్సన్‌ను, ఫ్రాన్సిస్ డగ్లస్‌ను లాగెను. ఆ పైన త్రాడు తెగెను. నలుగురు చనిపోయిరి. వింపర్, టౌగ్వాల్డర్ తండ్రీకొడుకులు బ్రదికిరి.

హడ్సన్ దుర్మార్గుడు కాడు; ప్రేమగలవాడు, భక్తుడు. ఒక పడుచువాని ఉత్సాహమును నిరుత్సాహపరచుటకు అతనికి మనస్సు రాలేదు. ఒక కొండమీద త్వరగా నడచినవాడు మరియొక కొండమీద స్థిరముగా నిలుచునని తలంచెను. సంఘ పెద్దలారా, తలిదండ్రులారా, యువజన నాయకులారా, మన హామీని నమ్మి మన త్రాటికి కట్టుకొనినవారు కలరు. ఇద్దరు మేలు, ఒకడు పడిన యెడల మరియొకడు లేవనెత్తునని ప్రసంగి చెప్పెను. అది సత్యము. అయితే లేవనెత్తు త్రాడే లాగివేయు త్రాడును కాగలదు. గుంపులో అత్యంత బలహీనుని అడుగే గుంపు యొక్క వేగము కావలెను. “అన్నా, దిగుదామా?” అనిన చిన్నవాని మాటలో పిరికితనము కాక దేవుని హెచ్చరిక ఉండవచ్చును. దానిని నవ్వి త్రోసివేయకుడి.

పంపబడిన అపాయము

అపాయమంతయు తప్పుకొనదగినదే అని నేను చెప్పుటలేదు. సూరత్ పట్టణమునకే మరల రండు. లండన్ మిషనెరీ సొసైటీకి చెందిన జేమ్స్ స్కిన్నర్, విలియం ఫైవీ అనువారు పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున అచ్చట నివసించి బైబిలును గుజరాతీలోనికి అనువదించిరి. అదే సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనువారు 1805లో విశాఖపట్టణము చేరి తెలుగు నేర్చి, ఆనందరాయరు సహాయమున సువార్తలను తెలుగు చేయసాగిరి. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో కన్నుమూసిరి. వారి సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చుపడినవి. తమ చేతిపని అచ్చులో చూడకయే వారు పోయిరి. అనువాదపు పనిలో నున్నవారికి వారి పేర్లు తలంచినప్పుడెల్ల మనస్సు వంగును. వారెక్కిన దారియు నిటారైనదే. కాని అది పిలువబడిన దారి.

దేవాలయ శిఖరమునుండి దుముకనొల్లని ప్రభువే కొంతకాలమునకు సిలువ మోసి గొల్గొతాకు నడచెను. అచ్చట దూతలు ఆయనను ఎత్తి పట్టుకొనలేదు. శిఖరముమీద తన ప్రాణమును కాపాడుకొనినవాడు గొల్గొతాలో దానిని అప్పగించెను. రెండు చోట్లను ఆయన చేసినది ఒకటే: తండ్రి మాట వినుట. కాబట్టి, “ఇది అపాయకరమా?” అను ప్రశ్న చాలదు. “నన్ను ఇచ్చటికి ఎవరు పంపిరి? ఎవరి మేలు కొరకు? ఎవరి ప్రాణమును నేను పణముగా పెట్టుచున్నాను?” అని అడుగవలెను. పేరు కొరకు, ఫోటో కొరకు, పంతము కొరకు ఎక్కు కొండమీద మందసము ఉండదు.

ఒక మాట మెల్లగా చెప్పవలెను. కొండమీద బిడ్డను పోగొట్టుకొనిన తల్లి ఈ పుట చదువుచుండవచ్చును. అమ్మా, సిలోయములో గోపురము కూలి చచ్చిన పదునెనిమిదిమంది ఇతరులకంటె పాపులని తలంచవద్దని ప్రభువే చెప్పెను. జారిన కాలును బట్టి ఒకని ఆత్మస్థితిని కొలుచు అధికారము ఎవనికిని లేదు. ఈ హెచ్చరిక బ్రదికియున్న మనకొరకు. చనిపోయినవారు కనికరము గల దేవుని చేతిలో నున్నారు.

ఇప్పటికే చిక్కుకొనినవారితో

మరి ఇప్పుడే రాతి అంచున నిలిచి, పైకిని క్రిందికిని పోలేని వారి సంగతి ఏమి? కొండమీదనైతే చేయవలసినది తెలిసినదే. ఆగవలెను. ఒకరినొకరు విడువరాదు. క్రిందికి పోవునని తలంచి వాగు వెంట దిగరాదు. అది జలపాతపు అంచునకు చేర్చును. దారి నిశ్చయముగా తెలిసిన యెడల తెలిసిన చోటికి మరలవలెను. తెలియని యెడల భద్రమైన చోట కూర్చుండి 112కు ఫోను చేసి సహాయము కొరకు కనిపెట్టవలెను. బయలుదేరకముందే, ఎక్కడికి పోవుచున్నామో ఎప్పుడు తిరిగి వత్తుమో ఇంటివారికి చెప్పియుండవలెను. ఇవి చిన్న సంగతులు. ప్రాణములు వీటిమీదనే నిలిచియున్నవి.

జీవితపు కొండమీదను ఇంతే. అప్పులో చిక్కినవాడా, ఇంకొక అప్పు ఇంకొక మెట్టు కాదు, ఇంకొక గోడ. ఆగుము. నీ భార్యకు నిజము చెప్పుము. నమ్మదగిన పెద్దను పిలువుము. సిగ్గు ప్రాణమునకంటె విలువైనది కాదు. 121వ కీర్తనలో యాత్రికుడు కొండలతట్టు కన్నులెత్తి, నాకు సహాయము ఎక్కడనుండి వచ్చునని అడుగుచున్నాడు. కొండలు అతనికి జవాబియ్యలేదు. భూమ్యాకాశములను సృజించినవానియొద్దనుండి జవాబు వచ్చెను. ఆయన కునుకడు. మూర్ఖించి ఎక్కినవాని మొరనుకూడ ఆయన వినును. హోర్మా తరువాత ఆ ప్రజలను ఆయన అరణ్యములో విడిచిపెట్టలేదు గదా! నలువది సంవత్సరములు మన్నాతో పోషించెను.

ఉబ్బిన ప్రాణమును గూర్చి హెచ్చరించిన హబక్కూకు, తన గ్రంథమును ఉన్నత స్థలములమీద లేడి కాళ్లతో నడచుటను గూర్చిన పాటతో ముగించెను. ఎత్తులు నిషేధింపబడలేదు. ఆ కాళ్లు దేవుడిచ్చినవి, ఆ నడక ఆయన నడిపించునది. ఆయన నడిపించిన ఎత్తునకు సంతోషముగా ఎక్కుడి. ఆయన నిలువుమనిన చోట, శిఖరము చేతికందు దూరములో ఉన్నను, నిలువుడి. మరలి వచ్చిన దినమును ఓడిన దినముగా లెక్కింపకుడి. ఇంటివారు తలుపు తెరచి మిమ్మును చూచిన క్షణమున దాని విలువ తెలియును.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మా తెగువను విశ్వాసమని పిలుచుకొనకుండునట్లు మా హృదయములను శోధింపుము. నీవు రమ్మనినప్పుడు భయము, నీవు ఆగుమనినప్పుడు పంతము మాలోనుండి తీసివేయుము. మా త్రాటికి కట్టబడిన చిన్నవారి మాట వినుటకు చెవి దయచేయుము. అంచున నిలిచినవారిని నీ చేతితో పట్టుకొనుము. బిడ్డలను పోగొట్టుకొనినవారిని ఓదార్చుము. గొల్గొతా ఎక్కిన నీ కుమారుడైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.